ఒంటెపాదాల బండి

ఎడారి ఊరు కలచాలో కటేలో అనే పేరుగలవాళ్లు చాలామంది ఉన్నారు. నీటి ఊటల దగ్గర నిలబడి "కటేలో ఇల్లెక్కడ?" అని ఎవరైనా అడిగితే, "ఏ కటేలో? ఒంటెపాదాల కటేలోనా?" అని ఎదురడుగుతారు. ఆ పేరు అతనికి పెద్దవానల ఏడు, వానలకు కాస్త ముందు వచ్చింది. అంతకుముందు ఉత్త కటేలో అనేవాళ్లు. ఎవరికైనా కోపం వస్తే నత్తి కటేలో అనేవాళ్లు. మనుషులతో మాట మొదలుపెట్టేటప్పుడు అతని నాలుక కాస్త తడబడుతుంది. ఒంటెలతో మాట్లాడేటప్పుడు తడబడదు. బండితో మాట్లాడేటప్పుడూ తడబడదు.

అతను పుట్టి పెరిగింది మంద వెనకే. కరువు వచ్చి మందలో చాలామటుకు తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన ఒంటెలు పెద్దకొడుకుగా అన్నకు వెళ్లాయి, మాలో అది మామూలే, దాని గురించి ఎవరూ తగువు పెట్టుకోరు. కటేలో మాత్రం చేతిలో కర్ర, కర్రకు ముందు ఏ ఒంటే లేకుండా కలచాకు నడిచొచ్చి, చర్చి మిషన్ వాళ్ల దగ్గర నీళ్ల డ్రమ్ములు దించే పనిలో చేరాడు. దించుతూ దించుతూ బండి తుడవడం నేర్చాడు, తుడుస్తూ తుడుస్తూ నడపడం నేర్చాడు. మిషన్ వాళ్లు కొత్త బండి తెచ్చుకున్న రోజున, ఇన్నాళ్ల చాకిరీకి బదులుగా పాత జీపును అతనికే వదిలేశారు. అప్పటికే దర్మితో పెళ్లయింది. ఒంటెలు లేనివాడికి పిల్లనెందుకిచ్చావని దర్మి తల్లి వాతోను అడిగినవాళ్లున్నారు. "వాడి చేతులు ఖాళీగా ఉండవు" అని ఆవిడ చెప్పిందని కటేలోకి ఎవరి ద్వారానో తెలిసింది. అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడే ఆచారం లేదు. ఆవిడ ఎదురొస్తుంటే అతను దారి తప్పుకోవాలి, అతను గుడారం దగ్గరికొస్తే ఆవిడ చాప చాటుకు జరగాలి. ఒకరి పేరు ఒకరు నోట పలకకూడదు. అట్లా ఎన్నో ఏళ్లు గడిచాయి.

జీపుతో కటేలో కలచా నుంచి మైకోనాకు, మైకోనా నుంచి మార్సబిట్ కొండ మీది పట్నానికి మనుషులను, చక్కెర బస్తాలను, అప్పుడప్పుడు మేకలను చేరవేసేవాడు. దారిలో చల్బీ అనే ఉప్పునేల దాటాలి. ఎండాకాలం చల్బీ మీద బండి నడపడమంటే పళ్లెంలో గోళీ దొర్లించడమే. నాలుగు చినుకులు పడితే మాత్రం అదే నేల తడిపిన సున్నంలా అయిపోతుంది. పైన తెల్లటి ఉప్పు పెచ్చు కట్టి నమ్మకంగా కనిపిస్తుంది, కింద అంతా జిగట. పెద్దవానలకు ముందటి ఏడాది ఒకసారి బండి నిండా జనంతో అతను అందులో దిగబడిపోయాడు. అందరూ దిగి తోశారు, తోసినకొద్దీ చక్రాలు ఇంకా కిందికి వెళ్లాయి. చివరికి మూటలు నెత్తికెత్తుకుని మైకోనా దాకా నడిచారు. వాళ్లలో చులుకే అనే ఆవిడ నోరు మంచిది కాదు. "కటేలో బండెక్కేకన్నా నడిచేది మేలప్పా. నడిస్తే కనీసం తోసే పని ఉండదు" అంది. ఆ మాట కలచా అంతా తిరిగింది. జనం లారీలకు అలవాటు పడసాగారు.

కటేలో ఆ బురద అంచున కూర్చుని చాలాసేపు ఆలోచించినట్టు తరవాత దర్మికి చెప్పాడు. మేక పోయిన చోట గిట్టల జాడలు లోతుగా దిగి ఉన్నాయి. ఇసుకలో అయితే ఒంటె పోయిన చోట వెడల్పాటి ముద్ర తప్ప గుంట ఉండదు. అప్పుడతనికి చమురు కోసం నేలకు బొక్కలు వేసి, ఏమీ దొరక్క వెళ్లిపోయిన కంపెనీ వాళ్ల బండ్లు గుర్తొచ్చాయి. వాటి టైర్లు మనిషి ఛాతీ అంత వెడల్పు. మెత్తటి ఇసుక మీద అవి తేలుతూ పోయేవి. వాళ్లు పోతూ పోతూ అలాంటి టైర్లు నాలుగు పారేసిపోయారు. ఒకటి టీ అంగడి ముందు కూర్చునే పీటయింది. రెండు ఊట దగ్గర పిల్లలు ఎక్కి గెంతడానికి పనికొచ్చాయి. నాలుగోది వాతో గుడారం పక్కన ఉంది. ఆవిడ అందులో గడ్డి పరిచి మేకపిల్లలను పడుకోబెట్టేది.

మూడు టైర్లు బతిమాలి తెచ్చుకోవడం కష్టం కాలేదు. నాలుగోదాని కోసం ఇసాకో మామను పంపించాల్సి వచ్చింది. ఇసాకో వాతోకు మరిది, ముసలివాడు, మంచివాడు. కాకపోతే చెవులు సరిగా వినపడవు. అది ఒప్పుకోడు.

"మా... మామా, మేకపిల్లలు పడుకునే ఆ టైరు నాకు కావాలని చెప్పు" అని కటేలో అతని చెవిలో అరిచాడు.

ఇసాకో తలూపి వెళ్లి, "వదినా, అల్లుడికి మేకపిల్లలు కావాలంట" అన్నాడు.

వాతో చాప పక్కకు జరిపింది. "ఇంట్లో మేకలు తక్కువైనాయేమో. అడగడానికి ఎంత మొహమాటపడినారో పాపం. ఇదిగో, ఈ రెండూ తోలుకుపో" అంది వాతో.

సాయంత్రానికి కటేలో గుమ్మం ముందు రెండు మేకపిల్లలు అరుస్తూ నిలబడ్డాయి. దర్మి పడీపడీ నవ్వి, తనే వెళ్లి తల్లికి విషయం చెప్పింది. వాతో టైరు ఇచ్చింది, మేకపిల్లలను మాత్రం వెనక్కి తీసుకోలేదు. "ఇచ్చింది ఇచ్చిందే. కానీ టైరుతో ఏం చేస్తారో చెప్పమను, వినాలనుంది" అందట.

మార్సబిట్‌లో వోచే అనే బూర్జీ తెగ బండ్ల మేస్త్రీ ఉండేవాడు. జీపుకింద పడుకుని పడుకుని అతని వీపు వంగిపోయింది. నాలుగు టైర్లూ బండి పైన కట్టుకుని వచ్చిన కటేలోను చూసి చేతిలో రెంచి కింద పెట్టాడు.

"నీకేమన్నా తిక్కా? ఇవి ఈ బండికా?"

"డి... డిస్కులు కోసి వెడల్పు చేస్తావు గదా. మడ్‌గార్డులు కత్తిరించు."

"డిస్కులు చేస్తా, మడ్‌గార్డులు కోస్తా. లోపల ఇరుసును ఏం చేయమంటావు? వెనక ఇరుసులో ఒక్కో చక్రానికి ఒక్కో కడ్డీ. అదెంత లావో చూసినావా? నా బొటనవేలు కంటే కాస్త లావు. టైరు ఎంత పెద్దదైతే దాని మీద అంత మెలి పడతాది. సన్నకాళ్ల మనిషి నెత్తిన ఉప్పుబస్తా ఎత్తతాండావు నువ్వు. నిలబడమంటే నిలబడతాడు. పరిగెత్తమంటే పుటుక్కున విరుగుతాడు."

"పరిగెత్తించను."

"అందరూ ఈడ కూచుని అట్లానే అంటారప్పా" అన్నాడు వోచే. అయినా పని చేశాడు, కటేలో మీద ఇష్టం కొద్దీ. వెళ్లేటప్పుడు పాత బండి నుంచి తీసిన కడ్డీ ఒకటి సీటుకింద పడేశాడు. "ఇది నీకు తొందర్లోనే పనికొస్తాది, చూడు."

పనికొచ్చింది, ఆ మర్నాడే. కలచాలోకి బండి వచ్చేసరికి ఊరంతా ఊట దగ్గర మూగింది. బండి ఎత్తు పెరిగింది, చక్రాలు ఇరుపక్కలా బయటికి పొడుచుకొచ్చాయి. స్టీరింగు తిప్పాలంటే భుజాలు నొప్పెట్టాయి. బ్రేకు తొక్కితే ఆలస్యంగా ఆగింది. అవేవీ చూసేవాళ్లకు తెలియవు కదా. పిల్లలు కేకలు వేశారు. ఆడవాళ్లు క్యాన్లు కిందపెట్టి నోళ్లు తెరిచారు. తన బండిని అంతమంది మెచ్చుకోలుగా చూడటం కటేలోకి అదే మొదటిసారి. ఊట పక్కన మెత్తటి ఇసుక దిబ్బ ఉంది. దాని మీదికి ఎక్కించి చూపిద్దామనిపించింది. ఇంజను గట్టిగా రొద పెట్టించి క్లచ్ ఒక్కసారి వదిలాడు.

టప్‌మని చప్పుడు. బండి వణికి నిలబడిపోయింది. ఇంజను తిరుగుతోంది, చక్రాలు తిరగడం లేదు.

అందరికంటే ముందు చులుకే నోరే లేచింది. "ఒంటెపాదాలు పెట్టినావు, బాగుంది. కాళ్లు మేకవే ఉంచినావే!"

ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. ఆ పేరు అక్కడే అంటుకుంది.

కటేలో కడ్డీ మార్చాడు. కానీ బండిని ఇంటి వెనక నిలబెట్టి దాని మొహం చూడటం మానేశాడు. టీకి కూడా బయటికి వెళ్లేవాడు కాదు. దర్మి కొన్నాళ్లు ఊరుకుని, ఒక ఉదయం పాలకుండ కడుగుతూ అడిగింది.

"ఏమయ్యా, బరువెత్తిన ఒంటెను నువ్వెప్పుడైనా కొట్టి లేపినావా?"

"లే... లేదు. కొడితే మోకాలు పోతాది."

"ఎట్లా లేపుతావు?"

"మాట చెప్పి. ముందు వెనకకాళ్లు ఎత్తనిస్తాం, ఊపిరి తీసుకోనిస్తాం, అప్పుడు..."

"మరి ఆ ఇనుప ముండకు మాత్రం మోకాళ్లు లేవా?" అంది దర్మి, అంతే, మళ్లీ కుండ కడుక్కోవడంలో పడింది.

ఆ తరవాత అతను ఎవరూ లేని చోటికి వెళ్లి నేర్చుకున్నాడు. టైర్లలో గాలి సగానికి పైగా తీసేసి నేలమీద చపాతీలా పరుచుకోనిచ్చేవాడు. క్లచ్‌ను నిద్రపోతున్న బిడ్డను దించినట్టు వదిలేవాడు. చక్రం ఎక్కడైనా మొరాయిస్తే నొక్కేవాడు కాదు, వెనక్కి వచ్చి ఇంకో దారి వెతికేవాడు. అతనితో ప్రయాణం నత్తనడక అయిపోయింది. జనం విసుక్కున్నారు. కానీ చిన్న వానలకు లారీలు ఆగిపోయినప్పుడు కటేలో బండి మాత్రం ఉప్పుపెచ్చు మీద ముద్రలు వేసుకుంటూ వెళ్లిపోయేది. నవ్విన జనమే మళ్లీ ఎక్కసాగారు. చులుకే కూడా ఎక్కింది. దారంతా ఏమీ అనలేదు, అది కటేలోకి చాలా పెద్ద విషయం.

తరవాత పెద్దవానలు వచ్చాయి.

అంత వాన ముసలివాళ్లకు కూడా గుర్తులేదు. చల్బీ సగం చెరువైంది. రాతినేల దారి తెగిపోయింది. మార్సబిట్ నుంచి చక్కెర రాలేదు, టీ ఆకు రాలేదు, వోచే దగ్గర చెప్పి పెట్టిన ఇంకో కడ్డీ కూడా రాలేదు. ఒంటెల మందలు పచ్చిక కోసం మైకోనా వైపు గట్టినేలకు వెళ్లిపోయాయి. వాతో కొడుకులు, మంద, గుడారాలు అన్నీ అక్కడే ఉన్నాయి. దర్మి కూడా పిల్లలతో ముందే అక్కడికి వెళ్లింది, ఎందుకంటే గుమాతో అనే చెల్లెలి పెళ్లి. పెద్దలు నెల చూసి రోజు పెట్టారు. ఆ రోజు దాటితే ఏడాది ఆగాలి.

వాతో మాత్రం కలచాలో చిక్కుకుపోయింది. నార దొరికేది ఇక్కడి చెట్ల దగ్గరే కాబట్టి, కూతురి కొత్తగుడారానికి చాపలు అల్లుతూ ఉండిపోయింది. చివరి చాప ముగిసేసరికి దారి మునిగింది. పెళ్లికూతురి గుడారానికి మొదటి కర్ర తల్లి నాటాలి, మొదటి చాప తల్లి కప్పాలి. ఇంకెవరు చేసినా చేయొచ్చు, కానీ అది జనం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునే లోటు. ఒంటెల మీద పోదామంటే బురదలో ఒంటె కాళ్లు జారి తొడలు చీలిపోతాయి. ఆవిడ రోజూ చాపల కట్టలు, వంపు కర్రలు ఊట పక్కన పెట్టుకుని, వాటి మీద కూర్చుని, చల్బీ వైపు చూస్తూ ఉండేది. ఎవరినీ ఏమీ అడగలేదు.

కటేలో అటుగా వెళ్లినప్పుడల్లా దారి తప్పుకుని దూరం నుంచి ఆవిడ వీపు చూసేవాడు. సీటుకింద ఇంకో కడ్డీ లేదని అతనికి తెలుసు. కొన్నాళ్లు ఆ మాట తనకు తనే చెప్పుకున్నాడు. పెళ్లికి ఇక ఎక్కువ రోజులు లేవనగా ఒక ఉదయం ఇసాకో దగ్గరికి వెళ్లి చెవిలో అరిచాడు.

"అ... అత్తగారితో చెప్పు మామా. బండి పోతాంది. విరిగితే విరగొచ్చు. చాపలు ఎక్కించమను."

ఈసారి ఇసాకో సరిగ్గానే చెప్పినట్టున్నాడు. వాతో లేచి నిలబడి, చీరలా చుట్టుకున్న బట్ట నడుముకు దోపి, మొదటి కట్ట తనే ఎత్తుకుంది.

చాపలు, కర్రలు, పాలకుండలు బండిలో సర్దాక వాతో వెనక వాటి చాటున కూర్చుంది. ఇసాకో ముందు కూర్చున్నాడు. బండి కదిలింది. నీళ్లు నిలిచిన చోట్లు తప్పించుకుంటూ, గట్టిగా కనిపించిన ప్రతి తెల్లటి మరకనూ అనుమానిస్తూ కటేలో నడిపాడు. వెనక నుంచి మాట వచ్చింది.

"ఇసాకో, మరీ ఇంత నెమ్మదా? చీమలు దాటిపోతాండాయి అని చెప్పు."

ఇసాకో తలూపి, "చీమలు కుడతాండాయంట" అన్నాడు.

"బండిలో చీమలుంటే దులపమను" అన్నాడు కటేలో నవ్వు ఆపుకుంటూ. వెనక కూడా ఎవరో ముక్కుతో గట్టిగా గాలి వదిలారు. అది నవ్వో దగ్గో తెలియలేదు.

మధ్యాహ్నానికి చాలావరకు దాటేశారు. దూరాన గట్టినేల నల్లగా కనిపించింది. అక్కడే కొండల నుంచి దిగిన వాగొకటి ఉప్పుపెచ్చు కింద దాక్కుని ఉంది. ముందు చక్రాలు అందులో దిగి లేచాయి. వెనక చక్రాలు దిగి, లేవలేదు. కటేలో యాక్సిలరేటరు మీది కాలు తీశాడు. కానీ బరువు వల్ల బండి వెనక్కి జారుతుంటే, ఆపుదామని ఒక్క క్షణం నొక్కాడు.

ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడయింది.

కటేలో స్టీరింగు మీద నుదురు ఆనించి ఉండిపోయాడు. పక్కనున్న ఇసాకో కిందికి చూసి, "వచ్చేసినామా?" అన్నాడు.

ముందుచక్రాల గేరు వేసి చూశాడు. బండి కదిలింది, కానీ వెనక ఇరుసు మధ్య గుండులోంచి రాళ్లు నమిలినట్టు శబ్దం. విరిగిన ముక్క లోపలి పళ్లలో పడిందన్నమాట. దాన్ని బయటికి తియ్యకపోతే మొత్తం నాశనమవుతుంది. చక్రం మధ్యనున్న బోల్టులు విప్పి కడ్డీ బయటి సగం లాగేశాడు. లోపలి సగానికి తీగతో ఉచ్చు వేసి లాగాలి. అతను బురదలో పడుకుని ఇరుసు గొట్టం మీద తడుతూ ఉంటే, ఇంకొకరు తీగను బిగుతుగా పట్టుకోవాలి. ఇసాకో అప్పటికే బండి నీడలో తలపాగా మొహం మీదికి లాక్కుని నిద్రపోయాడు. పిలిస్తే లేవలేదు. కదిపితే, "ఆఁ, అంతే" అని పక్కకు తిరిగాడు.

కటేలో బండికింద అట్లాగే ఉన్నాడు. వెనక వైపు పాదాల చప్పుడయింది. వాతో దిగి, బండికి అవతలి పక్కన నిలబడింది. చక్రాల మధ్య నుంచి ఆవిడ కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కాసేపటికి ఆవిడ బండి రేకు మీద చెయ్యి వేసింది.

"ఏమ్మా బండీ, నీకేమైంది?" అంది.

కటేలో తీగచుట్ట చేతిలోకి తీసుకున్నాడు. అతను కూడా టైరు వైపు చూస్తూ చెప్పాడు. "బండీ, నీ కడుపులో ముక్క ఇరుక్కుంది. తీగ పట్టుకునేవాళ్లుంటే తీస్తా." మాట ఎక్కడా తడబడలేదు.

"తీగ ఇటు పంపమని చెప్పు బండీ."

తీగ చివర చక్రం పక్కనుంచి బయటికి వెళ్లింది. అవతల ఆవిడ దాన్ని మణికట్టుకు చుట్టుకుంది. అతను తట్టాడు, ఆవిడ లాగింది. జారిపోయింది. మళ్లీ ఉచ్చు. మళ్లీ జారింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా, బండికి కబుర్లు చెబుతూ, చాలాసేపు ఆ పని చేశారు. "బండీ, కాస్త వదలమను." "బండీ, ఇప్పుడు లాగమను." చివరికి నూనె కారుతూ, జానెడు ఇనుపముక్క బయటికి జారి పడింది. వాతో దాన్ని ఎత్తి చూసింది. "ఇంత చిన్నదా, ఇంత బండిని మోసేది?" అని ఎవరితోనో కాదన్నట్టు అంది.

రెండోవైపు కడ్డీ కూడా తీసేశాడు, ఇక వెనకచక్రాలు ఉత్తినే దొర్లుతాయి. రెండు వెనకచక్రాల నడిమి బోల్టుల చోట తెరుచుకున్న గుంతల్లోకి బురద పోకుండా వాతో తన చర్మపు సంచి నుంచి రెండు ముక్కలు కోసి బండి మీద పెట్టింది. అతను వాటిని గుంతలకు కట్టాడు.

ఇక ముందుచక్రాలే దిక్కు. అవి తిరిగాయి, కానీ వెనక బరువంతా లాగలేక అక్కడే గీరుకున్నాయి. టైరు ఎంత వెడల్పుగా ఉన్నా, లాగేవి రెండే. కటేలో ఇంజను ఆపాడు. చక్రాల కింద ఏదైనా పరిస్తే పట్టు దొరుకుతుందని తెలుసు. కనుచూపు మేరలో రాయి లేదు, పుల్ల లేదు. బండిలో ఏమున్నాయో కూడా తెలుసు. ఆ మాట నోట రానివ్వలేదు.

"బండీ, నువ్వు ఇక్కడే ఉండు. నేను నడిచిపోయి మనుషులను పిలుచుకొస్తా."

 అవతల తాడు విప్పుతున్న చప్పుడు వినిపించింది. కటేలో తల ఎత్తి చూశాడు, చూడకూడదని మర్చిపోయి. వాతో చాపలకట్ట భుజాన వేసుకుని ముందుకు నడుస్తోంది. ఒక చాపను తీసి కుడిచక్రం ముందు పరిచింది. ఇంకొకటి ఎడమచక్రం ముందు. మూడోది తీసి, అంచున ఉన్న ఎర్రటి అల్లికను వేళ్లతో తడుముతూ కాసేపు ఆగింది. దాన్ని కూడా పరిచింది.

"వద్దమ్మా!" అన్నాడు కటేలో. బండితో కాదు, నేరుగా.

ఆవిడ అటే తిరిగి నిలబడింది. "బండీ, బురద కడిగితే పోతాది. రోజు పోతే రాదు. నీ మనిషిని ఎక్కమను."

కటేలో చెప్పులు విప్పాడు. అవీ పాత టైరు ముక్కలతో కుట్టినవే. చాపల మీద వట్టి కాళ్లతో నడిచి బండెక్కాడు. ముందుచక్రాలు మొదటి చాప మీదికి ఎక్కాయి, చాప నలిగింది, కుచించుకుంది, కానీ పట్టు ఇచ్చింది. చాప పొడవు ముందుకు. దిగి, వెనకవి లాగి, ముందు పరిచారు. మళ్లీ. ఇసాకో కూడా లేచి, ఏం జరుగుతోందో అడగకుండా చాపలు మోయసాగాడు. మెత్తగా ఉన్న చోట వంపు కర్రలు కూడా అడ్డంగా వేశారు. ఒక కర్ర విరిగింది. ముగ్గురూ తలలదాకా బురద. వాతో ఒకసారి జారి కూలబడితే, అల్లుడు చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడే చక్రం పట్టుకుని లేచింది. పొద్దు వాలే వేళకు టైర్ల కింద గరగర వినిపించింది. గట్టినేల.

గుడారాల దగ్గర ఆడవాళ్లు కూతలు వేస్తూ ఎదురొచ్చారు. చాపలు చూడగానే కూతలు ఆగిపోయాయి. దర్మి తల్లిని చూసింది, మొగుణ్ణి చూసింది, ఒక చాప భుజానికెత్తుకుంది. వాననీటి గుంటల్లో రాత్రిదాకా ఆడవాళ్లంతా చాపలు కడిగారు. పెచ్చు పోయింది, మరక పోలేదు.

మర్నాడు వాతో మొదటి కర్ర నాటింది, మొదటి చాప కప్పింది. చూడటానికి వచ్చినవాళ్లలో ఒకావిడ మూతి తిప్పుతూ, "ఇది కొత్త గుడారమా, చల్బీలోంచి తవ్వి తీసినారా?" అంది.

"మీ గుడారాలు ఒంటెలెక్కి వస్తాయి. నా బిడ్డది దారి వేసుకుంటా వచ్చింది" అంది వాతో, కర్ర బిగిస్తూనే.

పెళ్లి పాలు పంచుతున్నప్పుడు మగవాళ్లంతా బయట కూర్చున్నారు. ఎట్లా దాటారని అడిగితే ఇసాకో మొదలుపెట్టాడు. "బండి ఆగిపోయింది. నేను దిగినాను. ఒక భుజం ఆనించి తోసినాను. కటేలో చిన్నవాడు, భయపడినాడు. నేనన్నా, భయపడొద్దు నాయనా, నేనున్నా గదా అని." అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. లోపల చాప చాటున ఉన్నట్టుండి నవ్వు పగిలింది. ఎవరో ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయారు. అది అత్తగారి నవ్వని కటేలోకి అర్థమైంది. అన్నేళ్లలో ఆ నవ్వు అతను విననేలేదు. తల దించుకుని పాలు తాగాడు, కొంచెం పొరబోయింది.

నేల ఆరాక అతను లారీ ఎక్కి మార్సబిట్ వెళ్లాడు. వోచే అతన్ని చూడగానే, "చెప్పినానా లేదా?" అన్నాడు. "చె... చెప్పినావు" అన్నాడు కటేలో. పాత లారీ ఇనుము నుంచి లావుపాటి కడ్డీలు రెండు చేయించుకుని వచ్చాడు. ఎండలు ముదిరాక రాతినేల మీద ఆ టైర్లు వేడెక్కి నలిగిపోతున్నాయని సన్నవి తిరిగి బిగించాడు. ఇప్పటికీ నెమ్మదిగానే నడుపుతాడు, జనం ఇప్పటికీ తిడతారు.

గుమాతో గుడారం ఎన్నో వలసలు తిరిగింది. చాపలు కొన్ని మార్చింది. ఒకటి మాత్రం మార్చలేదు. దాని మీద అంచు నుంచి అంచుకు వెడల్పాటి టైరు అచ్చు, పళ్లతో సహా, బూడిదరంగులో పడి ఉంది. ఆవిడ దాన్ని తలుపు పక్కనే, అందరికీ కనబడేట్టు కప్పుతుంది. కటేలో మరదలి గుడారానికి వచ్చినప్పుడల్లా దానికి వీపు ఆనించి కూర్చుంటాడు.